మీకు తెలుసా? ఊపిరితిత్తుల్లో ఇనుము, వెండి, తగరం!

ఇనుము కొలిమి దగ్గర, వెండి బీరువాలో, తగరం కళాయి వేసేవాడి సంచిలో ఉండాలి. మరి మనిషి రొమ్ములో వాటికేం పని? పొడిగా మారి గాలిలో కలిసిందంటే చాలు, ఏ లోహమైనా లోపలికి చొరబడగలదు. మనుషుల్లోకే కాదు, కుక్కల్లోకీ ఎలుకల్లోకీ కూడా! అలాంటి వింతలు కొన్ని ఏరి తెచ్చాను. వరుసంటూ పెద్దగా ఏమీ లేదు.

● ఒక రోజులో మీరు పీల్చే గాలి ఎంతో చెప్పుకోండి చూద్దాం! సుమారు 10 వేల లీటర్లు. దౌడు తీసే గుర్రమైతే ఒక్క నిమిషంలోనే వెయ్యి లీటర్లకు పైగా లాగేస్తుంది, అదీ ముక్కుతోనే. నోటితో ఊపిరి పీల్చడం గుర్రానికి చేతకాదు!

● మన ఊపిరితిత్తుల్లో గాలి నిండే బుడగలు 30 కోట్ల నుంచి 50 కోట్ల దాకా ఉంటాయి. వాటన్నిటినీ విప్పి నేలమీద పరిస్తే దాదాపు 750 చదరపు అడుగులు! దుమ్ము వాలడానికి అంత చోటు మన ఒంట్లో మరెక్కడా లేదు.

● కంటికి కనబడే దుమ్ము అంత ప్రమాదకరం కాదు! మిల్లీమీటరులో వెయ్యో వంతును మైక్రాన్ అంటారు. 10 మైక్రాన్లు దాటిన రేణువులు చాలావరకు ముక్కులోనో గొంతులోనో చిక్కుకుపోతాయి, 5 మైక్రాన్ల లోపువి మాత్రం అడుగుదాకా దిగుతాయి. తలవెంట్రుక మందమే 70 మైక్రాన్లు ఉంటుంది కాబట్టి, అసలు దొంగలు మన కంటికి ఆనేవి కావన్నమాట.

● శ్వాసనాళాల లోపలి గోడల మీద సన్నటి నూగు ఉంటుంది. అది సెకనుకు పదిసార్లకు పైగా ఊగుతూ, జిగురులో చిక్కిన దుమ్మును పైకి నెడుతూనే ఉంటుంది. గొంతు దాకా వచ్చిన ఆ సరుకును మనమేం చేస్తామో తెలుసా? తెలియకుండానే గుటుక్కున మింగేస్తాం!

● ఊపిరితిత్తుల అడుగున చేరిన కరగని పొడిలో సగం బయటికి పోవడానికి ఎలుకకు రెండు నెలలు చాలు, మనిషికి ఏడాది దాటుతుంది! ఆ లోతుల్లో నూగు ఉండదు. దుమ్మును మింగే కణాలు ఒక్కొక్క రేణువునే పట్టుకుని మోసుకెళ్లాలి.

● ఇటుకరంగు ఊపిరితిత్తులు! 1867లో జర్మన్ వైద్యుడు త్సెంకర్ చనిపోయిన ఒక యువతి శరీరాన్ని పరీక్షిస్తే, ఊపిరితిత్తులు ఎర్రగా కనిపించాయి. బంగారు రేకుల మధ్య పెట్టే కాగితాలకు ఎర్రటి ఇనుప ఆక్సైడు పొడి రుద్దడం ఆమె పని. దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బులన్నిటికీ కలిపి ఒక పేరు ఉండాలని ఆయనకు అప్పుడే తోచింది. నేటికీ డాక్టర్లు వాడే ‘న్యుమోకోనియోసిస్’ అలా పుట్టిందే.

● ఇంగ్లండులోని కంబర్లాండ్ ఇనుప ఖనిజం గని కార్మికుల ఊపిరితిత్తులు కూడా ఎర్రబారేవి. అక్కడ ఖనిజంతో పాటు రాతిపొడి కూడా కలిసి ఉండేది. రంగు ఇనుముదైతే, నష్టంలో పెద్ద వాటా ఆ రాతిపొడిది!

● వెండి సామానుకు మెరుగుపెట్టేవాళ్ల ఊపిరితిత్తులకు నిజంగానే వెండిపూత పడింది! మెరుగుకు వాడే ఎర్ర ఇనుప పొడితో పాటు సన్నటి వెండి రజను కూడా లోపలికి పోయి, సాగే పోగులకు నల్లటి రంగుగా అంటుకుంది. అయినా వెండి వల్ల వాళ్లకు పెద్ద ఇబ్బందేమీ కలగలేదట.

● మాయమయ్యే చుక్కలు! 1936లో డోయిగ్, మెక్‌లాఫ్లిన్ అనే ఇద్దరు బ్రిటిష్ వైద్యులు వెల్డర్ల ఎక్స్‌రేలు తీస్తే రొమ్ము నిండా చుక్కలే చుక్కలు. కొన్నేళ్ల తర్వాత మళ్లీ చూస్తే, వెల్డింగ్ మానేసినవాళ్లలో ఆ చుక్కలు తగ్గిపోయాయి! అవి పుండ్లు కావు, మచ్చలూ కావు, ఉత్త ఇనుప పొడి నీడలు. పొడి మెల్లగా బయటికి పోయేసరికి నీడలు కూడా చెరిగిపోయాయి.

● ఇప్పుడొక ప్రశ్న. ఒకాయన ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల నిండా చిక్కటి తెల్లటి చుక్కలున్నాయి, ఆయనకు దగ్గు లేదు, ఆయాసం లేదు. ఏం పనిచేస్తాడు? తగరం కరిగించే కార్ఖానాలో! తగరం పరమాణువులో 50 ఎలక్ట్రాన్లుంటాయి, ఎముకలోని కాల్షియానికి ఉన్నవి 20. అందుకే తగరం ఎక్స్‌రేలను అంత గట్టిగా ఆపేస్తుంది, ఊపిరితిత్తి మాత్రం దాన్ని పట్టించుకోదు.

● ఆ పోటీలో తగరాన్ని మించింది బేరియం, దాని లెక్క 56! కడుపు ఎక్స్‌రేకు ముందు డాక్టరు తాగించే తెల్లటి బేరియం సల్ఫేటును గని కార్మికులు పొడిగా పీల్చినప్పుడు, రొమ్ము ఎక్స్‌రేలో కూడా అలాంటి తెలుపే కనబడుతుంది. పని మానేశాక అది కూడా తగ్గుతూ వస్తుంది.

● ఆ ఖనిజం ఎక్కడిదో కాదు, మన ముగ్గురాయే! రైల్వే కోడూరు దగ్గరి మంగంపేటలో సుమారు 7.4 కోట్ల టన్నుల ముగ్గురాయి నిక్షేపం ఉందని అంచనా, ప్రపంచంలోని అతిపెద్ద నిక్షేపాల్లో అదొకటి. చమురుబావులు తవ్వేటప్పుడు లోపలి ఒత్తిడిని అణచే బరువైన బురదలో దీన్ని కలుపుతారు. ఒక్క జాగ్రత్త: స్వచ్ఛమైన ముగ్గురాయి పొడి సాధువే గానీ, దాంతో కలిసివచ్చే రాతిపొడి సాధువు కాదు.

● ఇక సాధువు కాని లోహం సంగతి. బెరీలియం! అల్యూమినియంకన్నా తేలిక, ఎక్స్‌రేలు దాని గుండా హాయిగా దాటిపోతాయి. అంటే తగరం, బేరియంలా ఇది ఎక్స్‌రేలో తానుగా కనబడదు. కనబడేది అది చేసిన గాయమే, అదీ ఒక్కోసారి 20, 30 ఏళ్ల తర్వాత!

● 1946లో అమెరికాలోని సేలం ఊళ్లో ట్యూబులైట్లు చేసే కార్ఖానా కార్మికుల్లో హ్యారియెట్ హార్డీ అనే డాక్టరమ్మ, టేబర్‌షా అనే సహచరుడు కలిసి 17 మంది రోగులను లెక్కతేల్చారు. ట్యూబు లోపల పూసే తెల్లటి పొడిలో బెరీలియం ఉండేది. 1949లో దాన్ని ట్యూబులైట్లలో వాడటం మానేశారు కాబట్టి ఇప్పుడు మీ ఇంట్లో ఉన్నవాటికి భయపడకండి.

● కార్ఖానా గడప తొక్కనివాళ్లకూ జబ్బు వచ్చింది! ఒహాయో రాష్ట్రంలోని లొరెయిన్‌లో బెరీలియం కార్ఖానాకు కిలోమీటరున్నర లోపు ఇళ్లలో ఉన్నవాళ్లు రోగులయ్యారు. భర్త పనిబట్టలు దులిపి ఉతికిన ఇల్లాళ్లు కూడా ఈ జబ్బు జాబితాలో ఉన్నారు.

● ప్రపంచమంతా పాటించిన ఒక భద్రతా ప్రమాణం టాక్సీలో పుట్టింది! ఐసెన్‌బడ్, మాకిల్ అనే ఇద్దరు నిపుణులు 1940ల చివర్లో ఒక సమావేశానికి టాక్సీలో వెళ్తూ లెక్క వేశారు. బరువైన లోహాలకు ఘనపు మీటరు గాలికి 100 మైక్రోగ్రాముల దాకా ఒప్పుకునేవారు. బెరీలియం పరమాణువు వాటితో పోలిస్తే ఇరవయ్యో వంతు బరువుంటుంది, కాబట్టి 5 అనుకుని, ఎందుకైనా మంచిదని 2 దగ్గర ఆగారు. కారు దిగేలోపు తేలిన ఆ అంకె దాదాపు 70 ఏళ్లు నిలిచింది. నాకైతే ఈ జాబితా మొత్తంలో ఇంతకన్నా నచ్చిన కథ లేదు!

● 2017లో అమెరికా ఆ పరిమితిని పదో వంతుకు, అంటే 0.2 మైక్రోగ్రాముకు తగ్గించింది. అదెంతో తెలియాలంటే ఒక ఉప్పురవ్వ తీసుకోండి. దాన్ని పది ముక్కలు చేసి, ఒక్క ముక్కను పదడుగుల పొడవు, వెడల్పు, ఎత్తున్న గదిలో గాలంతా కలిపేయండి. అంతే, ఆ గది కోటా అయిపోయింది!

● బెరీలియం జబ్బు అందరికీ ఒకేలా రాదు! ఒకే బల్ల దగ్గర పక్కపక్కన పనిచేసిన ఇద్దరిలో ఒకరు మంచాన పడతారు, మరొకరు చెక్కుచెదరరు. 1993లో జరిపిన పరిశోధనలో ఒక జన్యు గుర్తు బెరీలియం రోగుల్లో 97 శాతం మందిలో కనబడింది, ఆ దుమ్మే పీల్చి జబ్బు రానివాళ్లలో 30 శాతం మందిలోనే ఉంది. ఈ జబ్బు నిజానికి బెరీలియాన్ని చూసి ఒంట్లోని రక్షకభటులు పడే అతికోపం.

● అణుశాస్త్రవేత్తలనూ వదల్లేదు. 1942లో షికాగోలో ఫెర్మీ బృందం తొలి అణు రియాక్టరును నడిపినప్పుడు పక్కనే ఉన్న హెర్బర్ట్ ఆండర్సన్, ఆ రోజుల్లో పీల్చిన బెరీలియం తెచ్చిన జబ్బుతో దశాబ్దాల పాటు బాధపడి 1988లో కన్నుమూశాడు.

● మరి అంత చెడ్డ లోహాన్ని దూరంగా విసిరేయొచ్చు కదా అంటారా? విసిరేశారు, 15 లక్షల కిలోమీటర్ల దూరానికి! జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపులోని 18 అద్దాలూ బెరీలియంతో చేసి బంగారు పూత పూసినవే. గడ్డగా ఉన్నంతవరకు దాని వల్ల బాధ లేదు, పొడైతేనే ముప్పు. మీ ఉంగరంలో పచ్చ రాయి ఉందా? అందులోనూ బెరీలియం ఉంది!

● కణాలను మింగే కణాలు! టంగ్‌స్టన్ కార్బైడు పనిముట్లకు సాన పట్టేవాళ్లలో కొందరి ఊపిరితిత్తుల్లో రాక్షస కణాలు పుట్టి, పక్క కణాలను తమలోకి లాగేసుకుంటాయి. వైద్యులు ఆ ఒక్క దృశ్యాన్ని బట్టే పేషెంటు వృత్తిని ఊహించగలరు.

● ఆ కేసులో దోషి ఎవరు, టంగ్‌స్టనా, దాన్ని అతికించే కోబాల్టా? తీర్పు చెప్పింది బెల్జియం వజ్రాల సాన కార్మికులు! కోబాల్టుతో వజ్రపు పొడిని అతికించిన పళ్లేల మీద పనిచేసిన వాళ్లకూ అదే జబ్బు వచ్చింది. అక్కడ టంగ్‌స్టన్ లేదు, దాంతో కోబాల్టు దొరికిపోయింది.

● జబ్బు రాకుండా దుమ్ము పీల్పించారు! కెనడాలోని అంటారియో గనుల్లో 1943 నుంచి 1979 దాకా, గనిలోకి దిగే ముందు కార్మికులను బట్టలు మార్చుకునే గదిలో ఉంచి, తలుపులు మూసి, సన్నటి నల్లటి అల్యూమినియం పొడి గాలిలోకి వదిలేవారు. రాతిపొడి విషానికి అల్యూమినియం విరుగుడని నమ్మకం. ఆ నమ్మకానికి పునాది కుందేళ్ల మీద చేసిన ప్రయోగాలు! ఆస్ట్రేలియా గనుల్లోనూ ఇదే పొడి వాడారు. ఆ పొడి పీల్చినవాళ్లకు పార్కిన్సన్స్ జబ్బు ముప్పు ఎక్కువని చివరికి లెక్కలు చెప్పాయి. 2022లో అంటారియో ప్రభుత్వం క్షమాపణ కోరింది. కుందేళ్లను మాత్రం ఎవరూ అడగలేదు.

● నీలాకుపచ్చ ఊపిరితిత్తులు! 1969లో పోర్చుగల్ వైద్యులు పిమెంటెల్, మార్కెస్ ద్రాక్షతోటల్లో మందు కొట్టే కూలీల ఊపిరితిత్తుల్లో ఈ రంగు మచ్చలు చూశారు. ఆ మందు మన తమలపాకు తోటల్లో, కొబ్బరి తోటల్లో రైతులకు బాగా తెలిసిన బోర్డో మిశ్రమమే, అంటే మైలుతుత్తం, సున్నం కలిపిన నీళ్లు. గినీ పందులకు అదే తుంపర పీల్పిస్తే వాటి ఊపిరితిత్తుల్లోనూ అలాంటి గడ్డలే లేచాయి.

● ఇంతకీ బోర్డో మిశ్రమాన్ని మొదట తెగులు కోసం చల్లలేదు, దొంగల కోసం చల్లారు! ఫ్రాన్సులో దారిపక్క ద్రాక్షగుత్తులను బాటసారులు కోయకుండా రైతులు ఈ వికారపు నీలిరంగు పూసేవారు. రంగు పూసిన తీగలకు తెగులు సోకకపోవడం 1882లో మిలార్డే అనే ఆచార్యుడి కంటపడింది.

● పాత సినిమాహాళ్ల ఆపరేటర్ల సంగతి విన్నారా? కార్బన్ కడ్డీలు అంటించి తెర మీద వెలుగు పోసే రోజుల్లో, ఆ కడ్డీల మధ్యలో సీరియం లాంటి అరుదైన లోహాలు ఉండేవి, వెలుగు తెల్లగా రావడానికి. కడ్డీ కాలితే అవి పొగై గదంతా నిండేవి. విదేశంలో మరణించిన ఒక ప్రొజెక్టర్ ఆపరేటర్ ఊపిరితిత్తుల్లో ఆ లోహాలు బయటపడ్డాయి. అలాంటి దీపాల కింద పత్రికలకు బొమ్మల బ్లాకులు చేసినవాళ్లలోనూ ఇవే దొరికాయి. మన టూరింగ్ టాకీసుల్లో వెలిగినవీ కార్బన్ కడ్డీలే!

● మీ ఫోను తెరలో కొత్త పొడి ఉంది! గాజులా పారదర్శకంగా ఉంటూనే కరెంటును పారించే ఇండియం, తగరం ఆక్సైడ్ల పూత అది. దాన్ని తయారుచేసే చోట ఇండియం ధూళి పీల్చి చనిపోయిన తొలి కార్మికుడి వివరాలు 2003లో జపాను నుంచి వెలువడ్డాయి, అతనికి 30 ఏళ్లు కూడా లేవు. తెరను వేలితో ఎంత రుద్దినా మీకేం కాదు లెండి!

● కివీ పక్షి ముక్కు ఎక్కడుంటుంది? ముక్కు చివర! మిగతా పక్షులకు నాసికారంధ్రాలు ముక్కు మొదట్లో ఉంటే కివీకి కొసన ఉంటాయి. మట్టిలో గుచ్చి గుచ్చి పురుగుల వాసన పట్టే ఈ పక్షులను న్యూజిలాండులో బంధించి పెంచినప్పుడు, వాటికి దుమ్ము ఊపిరితిత్తుల జబ్బు వచ్చిందని 1973లో రాశారు. ఇది లోహం పొడి కాదు, మట్టిపొడే. అయినా చెప్పకుండా ఉండలేకపోయాను.

● రాతినార కార్ఖానాలో ఎలుకలు పట్టడానికి పెంచిన ఒక టెరియర్ కుక్కకు కార్మికుల జబ్బే వచ్చింది! 1931లో ఈ సంగతి వైద్యపత్రికకెక్కింది. రాతినార పోగు ఊపిరితిత్తిలో దిగితే శరీరం దానికి తన సొంత ఇనుమునే పూసలు పూసలుగా తొడుగుతుంది.

● కాలిఫోర్నియా తీరంలోని మాంటెరే ప్రాంతపు గుర్రాలకు ఆయాసంతో పాటు ఎముకలు విరిగే జబ్బు! అక్కడి మట్టిలోని ఒక రకం స్ఫటికపు పొడిని పీల్చడమే మూలమని పశువైద్యులు తేల్చారు. ఊపిరితిత్తికీ ఎముకకూ ఏమిటీ చుట్టరికం?

● మెక్సికో సిటీ వీధికుక్కల ముక్కుల్లో, ఊపిరితిత్తుల్లో, ఆఖరికి మెదడులో కూడా నికెల్, వనేడియం లాంటి లోహాల జాడలు దొరికాయి. బండ్ల పొగ కుక్క ఎత్తులోనే వస్తుంది మరి!

● ఒకే దుమ్ము, రెండు ఫలితాలు! గోడల తెల్లరంగులో ఉండే టైటానియం డయాక్సైడును విపరీతమైన మోతాదులో పీల్పిస్తే ఎలుకలకు ఊపిరితిత్తుల కణితులు వచ్చాయి, చిట్టెలుకలకు రాలేదు. ఎలుక ఊపిరితిత్తి బరువెక్కితే చేతులెత్తేస్తుంది, అందుకే ఎలుక చెప్పిన సాక్ష్యాన్ని శాస్త్రవేత్తలు నేటికీ వాదించుకుంటూనే ఉన్నారు.

● నార్వేలోని సౌడా పట్టణంలో 1920లలో మాంగనీసు కొలుములు మొదలయ్యాక, న్యుమోనియా మరణాలు మిగతా దేశంతో పోలిస్తే కొన్ని రెట్లు పెరిగాయి. కార్ఖానాకు వెళ్లని ఊరివాళ్లకూ వచ్చింది, ఎందుకంటే పొగ లోయ దాటి పోయేది కాదు.

● ఊపిరితో పోయిన మాంగనీసు నడకనే మార్చేస్తుంది! 1837లో గ్లాస్గో వైద్యుడు కూపర్ మాంగనీసు పొడిచేసే కూలీలు కాళ్లు పట్టు తప్పి ముందుకు తూలుతూ నడవడం చూశాడు. మన దేశంలో మాంగనీసు తవ్వకం 1892లో మొదలైంది. ఎక్కడనుకున్నారు? మన విజయనగరం దగ్గరే!

● బ్రిటనులో వెల్డర్లకు న్యుమోనియా టీకా వేయించుకోమంటారు, ముసలివాళ్లకు చెప్పినట్టే! లోహపు పొగ పీల్చినవాళ్ల శ్వాసనాళాలకు ఆ సూక్ష్మజీవులు ఇట్టే అతుక్కుంటాయి. అమెరికా దక్షిణ తీరంలోనైతే ఆంత్రాక్స్‌ను పోలిన ఒక అరుదైన జబ్బు లోహకార్మికులకే వస్తోంది, దానికి ‘వెల్డర్ల ఆంత్రాక్స్’ అనే పేరే పడింది.

● సోమవారం జ్వరం! జింకు పూత ఉన్న ఇనుముకు వెల్డింగ్ చేసిన కొన్ని గంటలకు చలి, జ్వరం, నోట్లో లోహపు రుచి మొదలై, ఒకటి రెండు రోజుల్లో అన్నీ మాయం. రోజూ పీలిస్తే ఒళ్లు అలవాటు పడుతుంది, ఆదివారం సెలవు ఆ అలవాటును చెడగొడుతుంది, సోమవారం మళ్లీ జ్వరం!

● ముఖానికి అయస్కాంతం! 1820ల మొదట్లో షెఫీల్డులో అబ్రహాం అనే ఆయన సాన పట్టేవాళ్ల కోసం అయస్కాంతాలు పొదిగిన తొడుగు చేసి బహుమతి కొట్టాడు. అది ఉక్కు రజనును పట్టేది, సానరాయి పొడిని వదిలేసేది, అసలు హంతకురాలేమో రాతిపొడే. అసలు కార్మికులే దాన్ని పెట్టుకోలేదు. పని క్షేమమైతే జనం ఎగబడతారు, కూలి తగ్గిపోతుందని వాళ్ల భయం!

● 1556లో అచ్చయిన గనుల గ్రంథంలో అగ్రికోలా ఏం రాశాడో తెలుసా? కార్పాతియన్ కొండల్లో ఏడుగురు భర్తలను పోగొట్టుకున్న స్త్రీలున్నారని! గని దుమ్ము ఒకరి తర్వాత ఒకరిని క్షయలా తినేసింది.

● రెండు వేల ఏళ్ల కిందటి మాస్కు దేనితో చేశారో ఊహించండి! పశువుల మూత్రాశయం తోలుతో. ఎర్ర రంగురాయి పొడిచేసే కూలీలు దాన్ని ముఖానికి కట్టుకునేవారని రోమన్ రచయిత ప్లినీ రాశాడు.

● చంద్రుడి దుమ్ముకూ తుమ్ములొస్తాయి! 1972లో అపోలో 17లో వెళ్లిన హారిసన్ ష్మిట్, సూటుకు అంటిన ధూళి క్యాబిన్‌లో లేచేసరికి ముక్కు బిగిసి, జలుబు చేసినవాడిలా అయ్యాడు. కాల్చిన తుపాకీమందు వాసన వేసిందట. ఆ ధూళిలో అతిసూక్ష్మమైన ఇనుప రేణువులున్నాయి, అయస్కాంతం పెడితే అంటుకుంటుంది.

● బెల్లం తింటే దుమ్ము పోతుందా? దుమ్ము పనిచేసేవాళ్లు సాయంత్రం బెల్లం ముక్క నోట్లో వేసుకోవడం మనకు తెలిసిందే. లక్నో శాస్త్రవేత్తలు 1994లో దీన్ని ఎలుకల మీద పరీక్షించారు. బెల్లం తిన్న ఎలుకల ఊపిరితిత్తుల నుంచి బొగ్గుపొడి, రాతిపొడి ఎక్కువగా కదిలిపోయాయి! అవి ఎలుకలు, ఆ పొడి లోహం కాదు. కాబట్టి వెల్డర్లు బెల్లం నమ్ముకుని మాస్కు తీసేయకండి.

● సిగరెట్టు తాగేవాళ్ల ఊపిరితిత్తుల్లో దుమ్ము ఎంతకాలం ఉంటుంది? 1979లో అమెరికాలో కొందరు హానిలేని అయస్కాంతపు ఇనుప పొడిని కావాలనే పీల్చారు! ఏడాది కావస్తుండగా కొలిస్తే, సిగరెట్టు అలవాటు లేనివాళ్లలో పదో వంతే మిగిలింది, తాగేవాళ్లలో సగం అలాగే ఉంది.

● అంత చిన్న అయస్కాంతాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టింది డేవిడ్ కోహెన్ అనే భౌతికశాస్త్రవేత్త. 1973లో ఆయన మనుషుల ఒంట్లో ఇనుప రేణువుల కోసం వెతుకుతుంటే, ఊపిరితిత్తుల్లోనే కాక కడుపులోనూ అయస్కాంతపు జాడ తగిలింది. ఎక్కణ్నుంచి వచ్చిందంటారు? వాళ్లు తిన్న డబ్బా ఆహారం నుంచి! రేకు డబ్బా గోడలు రాలి కూరలో కలిశాయి.